చోటు చాలడం లేదా? కొనే ముందు కొలవండి!

"ఫోనులో చోటు లేదండీ, ఏదైనా చేసి పెట్టండి!" దిల్‌సుఖ్‌నగర్ పెద్ద రోడ్డు మీది ఫోను దుకాణాలలో తరచు వినిపించే మాట ఇది. దుకాణదారు ఇచ్చే సలహా కూడ మనకు తెలిసినదే. పెద్ద మెమరీ కార్డు వేయించుకోండి, లేదా ఎక్కువ చోటున్న కొత్త ఫోను కొనుక్కోండి అంటాడు. అడిగినవారు గాని, సలహా ఇచ్చినవారు గాని, "ఉన్న చోటంతా దేనికి ఖర్చయింది?" అనే ప్రశ్న మాత్రం వేసుకోరు.

ఇది వింత గదా! నెల తిరగకముందే ఇంట్లో బియ్యం అయిపోతే మనం వెంటనే ఇంకో బస్తా తెచ్చి పడెయ్యం. చుట్టాలు వచ్చారా, పురుగు పట్టి పారబోశామా, కొలత తప్పిందా అని లెక్క చూసుకుంటాం. బియ్యానికి ఉన్న లెక్క మన ఫైళ్లకు ఎందుకు లేదు? వాటిని కొలవవచ్చునని మనకు ఎవరూ చెప్పలేదు గనుక.

కంప్యూటరు పాఠంలో విద్యార్థికి అన్నిటికంటె ముందు రెండు పనులు నేర్పాలని నా అభిప్రాయం. తన ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పగలగడం ఒకటి. అది ఎంత చోటు ఆక్రమించిందో కొలవగలగడం రెండోది. బొమ్మలు గీయడం, అక్షరాలకు రంగులు వేయడం ఆ తరువాత. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను. నా మాట సరైనదో కాదో మీరే ఆలోచించి తేల్చుకోండి.

ఫోను లోపలి యూనిక్సు

మీ ఇంట్లోని ఫోను ఆండ్రాయిడ్ రకానిదైతే, దాని లోపల పని నడిపిస్తున్నది లినక్సు. లినక్సు యూనిక్సు నమూనాను అనుసరించి తయారైనది. మీ ఇంట్లో ఉన్నది ఐఫోను అయితే, దాని పుట్టుక కూడ యూనిక్సు వంశంలోనే. కనుక "యూనిక్సుతో మాకేం పని?" అనడానికి ఇవాళ ఎవరికీ వీలులేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో రైలు కోసం నిలుచున్న వారిలో ఇంచుమించు ప్రతివారి జేబులోనూ యూనిక్సు సంతతి ఒకటి ఉన్నది.

ఈ యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దానికి ముఖ్య కారకులు. 1973లో దానిని "సి" భాషలో తిరగరాశారు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అదే నమూనాలో లినక్సును మొదలుపెట్టాడు.

ఆ తొలి రోజులలో చోటు ఎంత ఉండేదో వింటే మీకు నవ్వు వస్తుంది. పిడిపి-11 అనే యంత్రం మీద నడిచిన మొదటి యూనిక్సుకు ఉన్న డిస్కు 512 కిలోబైట్లు. ఒక్కొక్క ఫైలు 64 కిలోబైట్లు మించరాదు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక ఫోటో సాధారణంగా 2, 3 మెగాబైట్లు ఉంటుంది. అంటే ఆ డిస్కు మొత్తం ఖాళీ చేసినా మీ ఒక్క ఫోటో అందులో పట్టదు! అంత చిన్న యంత్రం మీదనే బెల్ ప్రయోగశాలల పేటెంటు విభాగం టైపిస్టులు తమ దరఖాస్తులు తయారుచేసుకునేవారు. చోటు తక్కువ కాబట్టి దానికి లెక్క చెప్పే సాధనాలు కూడ తొలినుంచీ ఆ వ్యవస్థలో చేరాయి. ఆ సాధనాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని వాడే అలవాటే మనకు లేదు.

హాస్టలు లెక్క

ఆ సాధనాలు ఎలా పనిచేస్తాయో తెలియాలంటే, ముందు ఫైలు ఎలా నిలవ ఉంటుందో తెలియాలి. అందుకు మంచి ఉపమానం మన కళ్లెదుటనే ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్.బి. నగర్ వైపు వెళితే, మధ్యలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అని రెండే స్టేషన్లు తగులుతాయి. ఈ కాస్త దూరంలో రోడ్డుకు రెండు వైపులా శిక్షణ సంస్థలు, వాటిలో చదివేవారి కోసం సందు సందునా హాస్టళ్లు. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు ఎందరో ఇక్కడ ఉండి చదువుకుంటారు.

ఒక హాస్టలును ఊహించుకోండి. గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు. అందులో పేరు, పేరు పక్కన ఒక కార్డు నంబరు, ఇంకేమీ ఉండదు. ఆఫీసు గదిలో ఒక పెట్టె నిండా కార్డులు. ఒక్కొక్క కార్డు మీద ఎప్పుడు చేరారు, ఎవరి పూచీ, ఏయే గదులు ఇచ్చారు అన్న వివరాలు ఉంటాయి. చిత్రమేమంటే, కార్డు మీద పేరు మాత్రం ఉండదు! ఆ తరువాత అసలు గదులు.

యూనిక్సు సరిగ్గా ఇలాగే ఫైళ్లను నిలవ చేస్తుంది. రిజిస్టరుకు అక్కడ డైరెక్టరీ అని పేరు. మనం ఫోల్డరు అంటాం. కార్డుకు ఐనోడ్ అని పేరు. గదులకు బ్లాకులని పేరు. ఫైలు పేరు ఒక చోట, వివరాలు ఇంకొక చోట, అసలు సమాచారం మరొక చోట. పేరు వేరు, వస్తువు వేరు! ఈ ఒక్క సంగతి మనసుకు పట్టితే, రోజూ ఎదురయ్యే చిక్కులు సగం విడిపోతాయి.

మొదటి చిక్కు చూడండి. 2 గిగాబైట్ల సినిమాను ఒక ఫోల్డరు నుంచి అదే డిస్కులోని ఇంకో ఫోల్డరుకు మారిస్తే రెప్పపాటులో అయిపోతుంది. అదే సినిమాను పెన్ డ్రైవులోకి పంపితే నిమిషాలు పడుతుంది. ఎందువల్ల? 2007 ఏప్రిల్‌లో ఎల్.బి. నగర్ మునిసిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. కాగితాల మీద చిరునామాలు మారాయి. అంతమాత్రాన ఏ ఇల్లయినా అంగుళం కదిలిందా? లేదు. ఒకే డిస్కులో ఫైలును మార్చడమంటే అదే. ఒక రిజిస్టరులో పేరు కొట్టివేసి ఇంకో రిజిస్టరులో రాస్తారు, గదులు కదలవు. పెన్ డ్రైవుకు పంపడమంటే సామాన్లన్నీ లారీకి ఎక్కించి ఇంకో ఊరికి తరలించడం.

రెండో సంగతి. ఎల్.బి. నగర్, లాల్ బహదూర్ నగర్ రెండూ ఒకే చోటికి పేర్లు. అలాగే ఒకే కార్డుకు రిజిస్టరులో రెండు పేర్లు ఉండవచ్చు. దీనిని యూనిక్సులో లింకు అంటారు. పేర్లు రెండైనా గదులు ఒక్కసారే లెక్కకు వస్తాయి. కాపీ అలా కాదు. కాపీ చేస్తే మళ్లీ కొత్త కార్డు, మళ్లీ కొత్త గదులు. ఒకే "శుభోదయం" బొమ్మను నాలుగు గుంపులలో నలుగురు పంపగా మీరు నాలుగుసార్లు దిగుమతి చేసుకున్నారనుకోండి. సాధారణంగా నాలుగు బొమ్మల చోటూ పోయినట్లే.

చెరిపినా చోటు రాదేం?

ఇక అసలు చిక్కు ఇది. "అక్కరలేనివన్నీ చెరిపేశాను, అయినా చోటు పెరగలేదు" అని ఎంతోమంది వాపోతారు. దీనికి కారణాలు ఒకటి కాదు, మూడు ఉన్నాయి.

ఫోనులో ఫోటోను చెరిపితే అది చాలాసార్లు చెత్తబుట్టలో పడుతుందే గాని పోదు. కొన్ని వారాలు అక్కడే ఉంటుంది; అన్నాళ్లూ దాని గదులు నిండే ఉంటాయి. ఇది మొదటి కారణం. యూనిక్సులో చెరిపివేసే ఆజ్ఞ ఆర్.ఎమ్. దీనికి చెత్తబుట్ట లేదు. "నిజంగా చెరపమంటారా?" అని అది సాధారణంగా అడగదు కూడ. ఇది యూనిక్సులో లోపమే అంటాను నేను. దానిని పెద్ద గొప్పగా చెప్పుకునేవారు ఉన్నారు. కాని కొత్తగా నేర్చుకునేవాడు ఒక్క వేలి పొరపాటుతో నెల రోజుల శ్రమ పోగొట్టుకోవడంలో గొప్పతనం ఏమున్నది? అదృష్టవశాత్తు "ఐ" అనే అక్షరం చేర్చి ఆజ్ఞ ఇస్తే ప్రతి ఫైలుకూ అడిగి మరీ చెరుపుతుంది. కొత్తవారు ఆ అక్షరం లేకుండా ఆర్.ఎమ్. వాడరాదు.

రెండో కారణం మరీ తమాషా అయినది. ఆర్.ఎమ్. చేసేది రిజిస్టరులో పేరు కొట్టివేయడం మాత్రమే. ఆ కార్డుకు ఇంకో పేరు ఉంటే గదులు ఖాళీ కావు. పేర్లన్నీ పోయినా, ఏదో ఒక ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి వాడుకుంటూ ఉంటే గదులు ఖాళీ కావు. హాస్టలు రిజిస్టరులో పేరు కొట్టేశారు సరే, మనిషి గదిలోనే నిద్రపోతున్నాడు! అతను లేచి వెళ్లేదాకా ఆ గది ఇంకొకరికి ఇవ్వరు. ఆ ప్రోగ్రామును మూసివేస్తే, లేదా యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే, చోటు ఒక్కసారిగా తిరిగి వస్తుంది. "ఆపి వేస్తే బాగైంది" అని మనం చెప్పుకునే మాయలలో ఇది ఒకటి.

మూడో కారణం, చోటు మింగుతున్నది మనం చెరిపినవి కాకపోవడం. చిన్న చిన్న కాగితాలు ఏరి పారేసి, మూల పెట్టిన పెద్ద పెట్టె సంగతి మరిచిపోతాం. దీనికి మందు కొలవడం ఒక్కటే.

రెండు తక్కెడలు

కొలవడానికి యూనిక్సులో రెండు ఆజ్ఞలు ఉన్నాయి. ఒకటి డి.ఎఫ్.; రెండోది డి.యు. మొదటిది హాస్టలు మేనేజరును అడగడం వంటిది: "మొత్తం గదులెన్ని? ఖాళీ ఎన్ని?" రెండోది రిజిస్టరు చేతబట్టుకొని ఒక్కొక్క పేరు చదువుతూ, ఎవరెవరు ఎన్ని గదులు తీసుకున్నారో కూడుకుంటూ పోవడం వంటిది. మొదటిది చోటు ఉందా లేదా చెబుతుంది. రెండోది ఎవరు తీసుకున్నారో చెబుతుంది.

రెండు లెక్కలూ ఒక్కోసారి కలవవు. అప్పుడు భయపడకండి; సంతోషించండి! ఆ తేడాయే మీకు దారి చూపిస్తుంది. పేరు కొట్టేసినా గదిలోనే నిద్రపోతున్న మనిషి మేనేజరు లెక్కకు వస్తాడు గాని రిజిస్టరు లెక్కకు రాడు. కాబట్టి తేడా బాగా ఎక్కువగా ఉంటే, చెరిపిన ఫైలును ఏదో ప్రోగ్రాము పట్టుకొని కూర్చున్నదేమో చూడాలి. విజ్ఞానశాస్త్రంలో కూడ ఇంతే గదా! రెండు కొలతలు కలవనప్పుడే కొత్త సంగతి బయటపడుతుంది.

ఇంకొక వింత కూడ ఉన్నది. గదులు బోలెడు ఖాళీగా ఉన్నా, "చోటు లేదు" అని యంత్రం మొరాయించవచ్చు. కార్డులు అయిపోయాయన్నమాట! లినక్సులో విరివిగా వాడే ఫైలు వ్యవస్థలో, డిస్కును సిద్ధం చేసేటప్పుడే ఎన్ని కార్డులుండాలో నిర్ణయమైపోతుంది. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు చేరితే కార్డులు ముందే చెల్లిపోతాయి. పైగా గది కనీస కొలత సాధారణంగా 4096 బైట్లు. ఒక్క అక్షరం ఉన్న ఫైలుకూ పూర్తి గది ఇవ్వవలసిందే. ఒక్కొక్క బైటు ఉన్న ఫైళ్లు 10,000 ఉన్నాయనుకోండి. వాటిలో ఉన్న సమాచారం 10,000 బైట్లు. అవి ఆక్రమించే చోటు సుమారు 4 కోట్ల 10 లక్షల బైట్లు!

కొలతబద్ద గురించి కూడ ఒక మాట. 64 గిగాబైట్ల పెన్ డ్రైవు కొంటే కొన్ని కంప్యూటర్లు 59.6 అని చూపుతాయి. దుకాణదారు మోసం చేశాడా? లేదు. తయారు చేసినవారు గిగా అంటే 100 కోట్లు అని లెక్కవేశారు. ఆ కంప్యూటరు 1024ను మూడుసార్లు గుణించి, 107 కోట్ల 37 లక్షల పైచిలుకుతో భాగించింది. ఈ గందరగోళం తీర్చడానికి 1998లో అంతర్జాతీయ సంస్థ ఒకటి రెండో రకానికి గిబిబైటు అని వేరే పేరు పెట్టింది. వాడుకలో మాత్రం రెండూ కలగాపులగంగానే ఉన్నాయి. డి.యు. ఆజ్ఞకు కూడ ఈ జబ్బు ఉన్నది. అది కొన్ని యంత్రాల్లో 512 బైట్ల చొప్పున, లినక్సులో 1024 బైట్ల చొప్పున లెక్క చెబుతుంది. సంఖ్య పక్కన ప్రమాణం లేకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదని భౌతికశాస్త్రం మాస్టారు ఊరకే చెప్పరు!

పేర్లలో తిరకాసు

చోటు తరువాత మనల్ని ఎక్కువగా ఏడిపించేది పేరు. ఒక విద్యార్థి "ఎల్బీ నగర్" అని మధ్యలో ఖాళీ వదిలి ఒక ఫైలుకు పేరు పెట్టాడు. తరువాత దానిని చెరపమని ఆర్.ఎమ్. ఇచ్చి, ఆ పేరు అలాగే రాశాడు. యూనిక్సు ఖాళీని చూసి, ఇవి రెండు పేర్లు అనుకుంటుంది. "ఎల్బీ" అనే ఫైలును, "నగర్" అనే ఫైలును వెతుకుతుంది. ఖర్మ చాలక "నగర్" అనే పేరుతో వేరే ఫైలు నిజంగానే ఉంటే, అది పోతుంది, పోవలసినది పోదు! అందుచేత పేరులో ఖాళీలు వదలకుండా అడ్డగీత పెట్టడం మంచిది. వదిలితే, ఆజ్ఞలో పేరును కొటేషను గుర్తుల మధ్య రాయాలి. ఇంగ్లీషు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం లినక్సుకు వేరువేరు అని కూడ గుర్తుంచుకోండి.

మరి తెలుగులో పేరు పెట్టవచ్చునా? నిస్సందేహంగా పెట్టవచ్చు, పెట్టాలి కూడ. 1992 సెప్టెంబరులో ఇదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే సహచరుడితో కలిసి, భోజనశాలలో పళ్లెం కింద పరిచే కాగితం మీద ఒక పద్ధతి రాశాడు. దాని పేరు యు.టి.ఎఫ్.-8. ప్రపంచంలోని లిపులన్నిటినీ యూనిక్సు ఫైళ్లలో ఇబ్బంది లేకుండా రాయడానికి అది దారి చూపింది. ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు; తెలుగు సంకేతానికి 3 బైట్లు.

"దిల్‌సుఖ్‌నగర్" అనే పేరునే తూచి చూద్దాం. ఇంగ్లీషులో రాస్తే 12 అక్షరాలు, 12 బైట్లు. తెలుగులో ద, గుడి, ల, పొల్లు, ఒక కనిపించని గుర్తు, స, కొమ్ము, ఖ, పొల్లు, మళ్లీ కనిపించని గుర్తు, న, గ, ర, పొల్లు. మొత్తం 14 సంకేతాలు, 42 బైట్లు. కనిపించని గుర్తు ఏమిటంటారా? "ల్" కింద "సు" చేరి ఒత్తుగా మారిపోకుండా విడదీసే గుర్తు అది. కంటికి ఆనదు గాని యంత్రానికి మాత్రం తెలుస్తుంది. ఒకరు ఆ గుర్తుతోను, ఇంకొకరు అది లేకుండాను పేరు పెడితే, యూనిక్సుకు అవి రెండు వేరు పేర్లు. వెతికితే దొరకకపోవచ్చు. ఈ ఊరి పేరును బోర్డుల మీద ఎన్ని విధాలుగా రాసినా మనం ఒకే ఊరని గ్రహిస్తాం. యంత్రానికి ఆ తెలివి లేదు. కాబట్టి ఒక పద్ధతి ఎంచుకొని దానికే కట్టుబడి ఉండాలి.

మూడు రెట్ల చోటు తింటున్నది కనుక తెలుగు దండగ అని కొందరు అంటారు. దీనికీ కొలతే జవాబు. పాత యూనిక్సులో ఫైలు పేరుకు 14 బైట్లే ఉండేవి. అందులో 4 తెలుగు సంకేతాలు మాత్రమే పట్టేవి. అప్పుడైతే ఆ ఫిర్యాదుకు అర్థం ఉండేది. ఇవాళ లినక్సులో సాధారణంగా 255 బైట్లు. అంటే 85 తెలుగు సంకేతాలు. ఇక పుస్తకం సంగతి చూడండి. పేజీకి 1500 సంకేతాల చొప్పున 200 పేజీల తెలుగు పుస్తకం 9 లక్షల బైట్లు. మీరు నిన్న తీసి మరిచిపోయిన ఒక్క ఫోటోలో ఇలాంటి పుస్తకాలు రెండో మూడో పడతాయి! చోటు తింటున్నది మన భాష కాదు, మన అజాగ్రత్త.

వాదన వినవద్దా?

ఇంతా చదివి మీలో కొందరు అడగవచ్చు: "డిస్కులు చవకైపోయాయి గదా, ఈ కొలతలన్నీ ఎందుకు? ఇంకొకటి కొంటే పోదా?" మంచి ప్రశ్నే. కాని చవక అనేది ఎవరి మాట? ఊళ్లో పొలం పని చేసే తండ్రి నెలనెలా పంపే డబ్బుతో హాస్టలులో చదివే విద్యార్థికి కొత్త ఫోను చవక కాదు. పైగా కారణం తెలియకుండా చోటు కొంటే, కొత్త చోటూ పాత దారిలోనే నిండుతుంది.

చోటు చాలక చేసే సర్దుబాట్లు ఎంత కాలం వెంటాడుతాయో యూనిక్సు చరిత్రలోనే చూడండి. 1970ల మొదట్లో వ్యవస్థకు చెందిన డిస్కు నిండిపోయింది. అప్పుడు కొన్ని ప్రోగ్రాములను, వాడుకదారుల ఫైళ్లు ఉండే రెండో డిస్కులోకి పొంగించారు. ఆ డైరెక్టరీ పేరు యు.ఎస్.ఆర్. డిస్కులు వేలరెట్లు పెరిగిన తరువాత కూడ ప్రోగ్రాములు రెండు చోట్ల ఉండడమనే ఆ పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. ఇటీవలి లినక్సు కూర్పులు చాలావరకు ఆ రెంటినీ తిరిగి కలిపేశాయి.

రెండో వాదన: "యూనిక్సు ఆజ్ఞలు కష్టం, రెండేసి అక్షరాల మంత్రాలు." ఇందులో కొంత నిజం ఉన్నది. ఆ రోజులలో తెర లేదు. టెలిటైపు యంత్రం సెకనుకు 10 అక్షరాలే కొట్టేది. అందుకని అక్షరం అక్షరం పొదుపు చేశారు. ఆ పొదుపు కొన్నిచోట్ల శ్రుతి మించింది. ఫైలును సృష్టించే ఆజ్ఞలో చివరి అక్షరం ఎగరగొట్టారు. యూనిక్సును మళ్లీ తయారుచేస్తే ఆ అక్షరం పెడతానని థాంప్సనే తరువాత చమత్కరించాడు. కాని కష్టమైనది మంత్రం కాదు, మంత్రం వెనుక ఉన్న ఊహ తెలియకపోవడం. పేరు వేరు, కార్డు వేరు, గది వేరు అని తెలిసిన విద్యార్థికి ఆజ్ఞలు పది నిమిషాల పని. భాష కూడ అడ్డు కానక్కరలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కనిపించే లినక్సును తయారుచేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఎన్నో ఏళ్లుగా పిల్లలు లినక్సు మీదనే నేర్చుకుంటున్నారు. అక్కడి పిల్లలకు సాధ్యమైనది మన పిల్లలకు ఎందుకు కాదు?

చేయవలసిన పని

కాబట్టి నా సూచన ఇది. ప్రతి పాఠశాలలో ఏడాదికి నాలుగే నాలుగు పీరియడ్లు దీనికి కేటాయించాలి. మొదటి పీరియడులో ప్రతి విద్యార్థీ తన ఫైలు పూర్తి చిరునామా రాయాలి. రెండోదానిలో డి.ఎఫ్., డి.యు. లెక్కలు తీసి పోల్చాలి. మూడోదానిలో పేర్లు పెట్టడం, జాగ్రత్తగా చెరపడం నేర్చుకోవాలి. నాలుగోది అన్నిటికంటె ముఖ్యమైనది. పదవ తరగతి మెమో, కుల ధ్రువపత్రం, నాయనమ్మ గొంతుతో పాడిన పాట వంటి పోతే తిరిగి రాని ఫైళ్లను రెండు వేర్వేరు వస్తువుల మీద కాపీ చేసి, వాటిని రెండు వేర్వేరు చోట్ల ఉంచడం. ఇక్కడ లింకు పనికిరాదని మీరే చెప్పగలరు! డిస్కు పోతే పేర్లు రెండూ ఒకేసారి పోతాయి.

ఆ కాపీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. యూనిక్సు వంశపు యంత్రాలు రాయమన్నదానిని తమ జ్ఞాపకంలో కాసేపు ఉంచుకొని, తీరికగా పెన్ డ్రైవులోకి పంపుతాయి. "అయిపోయింది" అని తెర మీద కనిపించగానే లాగేస్తే, సగమే చేరి ఉండవచ్చు. జిరాక్సు షాపులో తొందరపడి పెన్ డ్రైవు లాగి, పరీక్ష ముందు రోజు హాల్ టికెట్టు తెరుచుకోక ఏడవడం కంటె, "బయటికి తీయి" అన్న మీట నొక్కి నాలుగు క్షణాలు ఆగడం మేలు.

పాఠశాల మొదలుపెట్టేదాకా మీరు ఆగనక్కరలేదు. ఇవాళే ఇంట్లోని ఫోనులో సెట్టింగులు తెరిచి, నిలవకు సంబంధించిన పేజీ చూడండి. ఫోటోలు, వీడియోలు, ప్రోగ్రాములు ఎంతెంత తీసుకున్నాయో ఒక కాగితం మీద రాయండి. చెత్తబుట్ట ఖాళీ చేసి, ఫోనును ఒకసారి ఆపి వేసి, మళ్లీ రాయండి. ఎంత తేడా వచ్చింది? ఎందుకు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు మీ నాన్నగారికో, అమ్మకో మీ మాటల్లో జవాబు చెప్పగలిగితే, కొత్త ఫోను కొనాలా వద్దా అన్నది ఇక దుకాణదారు నిర్ణయం కాదు. మీ ఇంటి నిర్ణయం.